బండికట్టు – రేగడిబాట



మా రాజుపాలెపు రేగడినేల స్వభావము ఆ నేలపై నడచినవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. వేసవిలో అది నెఱ్ఱెలు విచ్చి, మడమ దిగునంతటి సందులు చూపును. తొలకరి కురిసిన మఱునాడు అదియే వెన్నవలె మెత్తనై, చెప్పునకును, గిట్టకును, చక్రమునకును పిడుచలు పిడుచలుగా అంటుకొనును. ఒక్క యేట రెండు నేలలుగా మాఱెడి యీ దారిపై బండి నడచుట యెట్లు? జాఱక, దిగబడక, ఎద్దు మెడ పుండుపడక, పంట ప్రొద్దుటూరి యంగడికి చేరుట యెట్లు? ఈ ప్రశ్నకు మన పెద్దలు చక్రపు అంచున సమాధానము వెదకిరి. ఆ యంచునకు వేసిన కట్టు చరిత్రయే నేటి నా ప్రసంగ విషయము.

ముందుగా మాటలను గుఱించి రెండు మాటలు. అమరసింహుడు తన నిఘంటువులో చక్రపు అంచును నేమి యనియు, ప్రధి యనియు చెప్పినాడు. నడిమి దిమ్మను నాభి యనియు, ఇరుసుకొన చీలను అణి యనియు చెప్పినాడు. వేదభాషలో చక్రపు చుట్టునకు తొడుగు కట్టునకు పవి యని ప్రత్యేకమైన పేరు కలదు. అనగా కఱ్ఱచక్రము వేఱు, దానిని కాచెడి కట్టు వేఱు అను వివేకము మిక్కిలి ప్రాచీనమైనది. మా సీమ రైతు చక్రమును గాను అనును. అందలి కమ్మలను ఆకులు అనును. ఆకుల కొనలను కలుపు వంపుముక్కలను పూటీలు అనును. పేర్లు వేఱైనను వస్తువొక్కటియే.

అయితే బండి మన దారులకు మొదటినుండి ఏలిక కాదు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే 1652లో మన జమ్మలమడుగు చెంతనున్న గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను దర్శించెను. అతడు తన యాత్రాగ్రంథమున వేలకొలది ఎద్దులపై ధాన్యము, ఉప్పు మోసికొనిపోవు బిడారులను వర్ణించెను. ఒక్కొక్క బిడారున పది పండ్రెండు వేల ఎద్దులుండునని వ్రాసెను. ఎద్దు వీపుననే గోనె; చక్రముతో పనిలేదు. కొండకనుమలలోను, వంతెనలేని వంకలలోను నాలుగు గిట్టలు పోగలిగిన చోటికి రెండు చక్రములు పోలేవు. 1800లో నిజాము ఈ సీమలను కుంఫిణీవారికి దత్తము చేసిన పిమ్మట, 1807 వరకు కలెక్టరుగా నున్న తామస్ మన్రో కాలమునను దూరపు సరకు విశేషముగా లంబాడీల ఎద్దుల వీపులపైననే నడచినది.

తరువాత దారులు పడినవి. 1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరుగుటచే మన పత్తికి గిరాకి కలిగెను. సుంకేసుల నుండి కర్నూలు–కడప కాలువ త్రవ్వబడెను. మద్రాసు నుండి బయలుదేరిన రైలుమార్గము కడప, ఎఱ్ఱగుంట్ల మీదుగా సాగి 1871 నాటికి రాయచూరు చేరెను. స్టేషను ఒకచోట, పొలము వేఱొకచోట. ఈ రెంటి నడుమ దూరమును కలిపినది ఎద్దులబండి. 1876–78 సంవత్సరముల మహాక్షామమున ఈ సత్యము కఠినముగా తెలియవచ్చెను. రైలు ధాన్యము తెచ్చినను, మేతలేక పశువులు చచ్చిన సీమలో, స్టేషను నుండి పల్లెకు బండిలాగు ఎద్దులు కఱవయ్యెను. చక్రము కదలనిచో అన్నము కదలదు. కావున బండికట్టు మాట వడ్రంగికి, కమ్మరికి మాత్రమే సంబంధించిన చిన్న మాట కాదు.

ఇనుపకట్టు ఎట్లు పడునో పిల్లలు నేడెఱుగరు. పెద్దలకైనను ఒకమాఱు జ్ఞప్తికి తెచ్చెదను. వడ్రంగి నల్లతుమ్మ చేవతో గాను చేయును. కమ్మరి దాని చుట్టుకొలత తీసి, అంతకంటె కొంచెము కుఱుచగా ఇనుపపట్టను వలయముగా అతుకును. ఈ కుఱుచదనమే రహస్యము. పట్టను నేలపై పఱచి, పైనను క్రిందను పిడకలు పేర్చి నిప్పు పెట్టుదురు. ఇనుము కాలి ఎఱ్ఱబాఱి సాగును. అయిదడుగుల అడ్డుకొలత గల చక్రమునకు చుట్టుకొలత సుమారు 188 అంగుళములు. ఆఱునూఱు డిగ్రీల వేడికి అంత పొడవు ఇనుము అంగుళమునకు పైగా పెరుగును. ముగ్గురు నలుగురు పట్టుకార్లతో ఆ నిప్పువలయమును ఎత్తి గానుకు తొడిగి, సుత్తులతో సరిచేసి, కఱ్ఱ మండకమునుపే కుండలతో నీరు పోయుదురు. బుస్సుమని ఆవిరి లేచును. కట్టు ముడుచుకొనును. వదులుగా నున్న ఆకులు, పూటీలు కటకటమని ఒకదానినొకటి కఱచుకొనును. మేకు లేదు, జిగురు లేదు. చల్లాఱిన ఇనుము బలమే చక్రమునంతటిని నిలుపును. వేసవిలో కఱ్ఱ ఎండి కట్టు వదులైనప్పుడు బండ్లను వంకలోనో చెఱువులోనో దింపి నానబెట్టుట అందులకే.

ఇక ఆ కట్టునకు నేలపై పట్టు ఎట్టిది? ఇచట ఒక సూక్ష్మము కలదు. ఎద్దులబండికి ముందునకు పోవు బలము చక్రమునందు లేదు, ఎద్దు గిట్టయందు ఉన్నది. నేలను పట్టవలసినది గిట్ట. చక్రము దొర్లిన చాలును. కావుననే గట్టిదారిపై నడచు ఎద్దునకు లాడములు కొట్టింతురు. సమతలమున చక్రమునకు కావలసినది దిగబడకుండుట. కాని దారి ప్రక్కకు ఒరగినప్పుడును, వంకలోనికి దిగునప్పుడును చక్రము నేలను పట్టవలెను. అప్పుడు పట్టు తప్పినచో బండి ఎద్దులను తోయును.

రెండంగుళముల వెడల్పు గల ఇనుపకట్టు పలుచని బురదను కోసి, అడుగుననున్న గట్టినేలను అందుకొనును. ప్రక్కకు జాఱదు. నునుపైన ఇనుమునుండి బురద పెద్ద పిడుచగా పెరుగకమునుపే ఊడిపడును. ఇది దాని గుణము. లోతైన బురదలో అదే కట్టు కత్తివలె దిగి, ఇరుసు నేలకు తగులువఱకు నిలువదు. ఇది దాని దోషము. గట్టిరోడ్డుపై మఱియొక దోషము: బరువంతయు సన్నని గీతవంటి చోట ఆనుటచే కంకరను పిండిచేసి గాడులు తీయును. మోటారులు వచ్చిన పిదప ఒకే రోడ్డుపై రెండు విధములైన చక్రములు నడచుట ఇంజనీర్లకు పెద్ద చింత యయ్యెను. 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్సు స్థాపింపబడిన కాలమున వారిని బాధించిన విషయములలో ఇనుపకట్టు బండి యొకటి.

ఆ చింతకు రబ్బరు సమాధానముగా వచ్చెను. ఎండకు కరగి చలికి పగులు రబ్బరును గంధకముతో వేడిచేసి గట్టిపఱచు ఉపాయము 1839లో అమెరికావాసి చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టెను. గాలినింపిన చక్రమునకు 1845లో రాబర్ట్ తామ్సన్ అను స్కాట్లండు ఇంజనీరు హక్కుపత్రము పొందెను గాని అది లోకమున నిలువలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికై మరల దానిని చేసెను. పశువుల నొప్పి తెలిసిన వైద్యుడు చేసిన వస్తువు కడకు మన పశువుల మెడకు ఊఱటగా వచ్చుట చూడ ముచ్చటగా నున్నది. 1936లో వంగదేశమున సాహాగంజ్‌లో డన్లప్ కర్మాగారము వెలసెను. ఎద్దులబండ్లకు తగిన గాలిటైర్లు ఆ కాలముననే మనదేశమున ప్రచారమునకు వచ్చినవి. వానినే మన పల్లెలలో టైరుబండ్లు అందుము.

గాలిటైరు బలము ఎచట నున్నదో చిన్న లెక్కతో చెప్పెదను. బండియు సరకును కలిసి 2,200 పౌండ్లు తూగుననుకొందము. ఒక్కొక్క చక్రముపై 1,100 పౌండ్లు. టైరులో చదరపు అంగుళమునకు 50 పౌండ్ల గాలియున్నచో, ఆ బరువును మోయుటకు సుమారు 22 చదరపు అంగుళముల చోటు నేలపై ఆనవలెను. గాలి 25 పౌండ్లకు తగ్గించినచో ఆ చోటు 44 అంగుళములగును. టైరు బిరుసు కొంత భేదము తెచ్చును గాని లెక్క ముఖ్యముగా ఇదియే. గాలి సగమైనచో అడుగు రెట్టింపగును. నేలపై ఒత్తిడి సగమగును. ఒంటె పాదము ఇసుకలో దిగబడకుండుటకు కారణమును ఇదియే. మెత్తనినేలకు మెత్తనిటైరు, గట్టిరోడ్డుకు గట్టిటైరు. మెత్తనిటైరును గట్టిరోడ్డుపై పరుగెత్తించినచో ప్రక్కలు నలిగి, వేడెక్కి, త్వరలో చీలును.

ఇంతవఱకు చెప్పినది పుస్తకముల చదువు. ఇక నా కండ్లు చూచినది చెప్పెదను.

నేను బడిపిల్లవాడనై యున్న కాలము. 1970 దాటి కొన్ని యేండ్లు గడచినవి. మా నాయన ఇనుపకట్టు బండిని విడిచి, వాడినటైర్లు గల బండిని కొనెను. ఆ టైర్లు ఒకప్పుడు లారీకి తిరిగినవి. నెత్తిన గాడులన్నియు అఱిగి బోడితలవలె నుండెను. మా యూరి కమ్మరి ముసలివాడు ఆ బండిని చుట్టి చూచి, టైరుపై అరచేయి రాచి, "అయ్యా, ఎండకాలానికి ఇంతకంటే మంచి బండి లేదు. వాన పడితే మాత్రం కుందూ దిగువకు తోలొద్దు" అనెను. మా నాయన నవ్వి, "నీ కొలిమికి పని పోతాదని బాధలే ఆచారీ" అనెను. ముసలివాడు నొచ్చుకొనలేదు. "కట్టు గానుకు ఏస్తా గానీ అయ్యా, దోవకు ఏయలేను గదా" అని మాత్రము చెప్పి తన పనికి పోయెను.

వేసవియంతయు మా నాయన మాటయే నెగ్గెను. పాతబండిపై పది బస్తాల జొన్నలు వేసినచో ఎద్దులు నురుగు కక్కెడివి. క్రొత్తబండిపై ఇరువది వేసినను తల ఊపుచు నడచెడివి. ఎద్దుల మెడపై కాయ తగ్గెను. ఇరువది అలవాటై ఇరువదిమూడయ్యెను. ఆ యేటి తొలకరి ముగిసిన నాలుగవనాడు వెల్లాల దగ్గఱ కుందూ రేవునకు దిగుచుంటిమి. నేను బస్తాలపై కూర్చుంటిని. పైన మట్టి ఆఱినట్లుండెను; క్రింద జిగురు. సగము వాలు దిగునప్పటికి బోడిటైర్లకు రేగడి మందముగా పట్టి, మట్టిపై మట్టి జాఱినట్లు బండి ప్రక్కకు జాఱెను. టైరు దొర్లుట మానెను గాని బండి ఆగుట లేదు. ఆపుటకు ఆ బండికి సాధనమే లేదు. ఇనుపకట్టు బండికి చక్రముపై ఒరయునట్లు బిగించిన కఱ్ఱయుండెను. క్రొత్తబండికి ఎవరును పెట్టలేదు, మేమును పెట్టించుకొనలేదు. బరువంతయు ఎద్దులపైకి వచ్చెను. వలపటిది తప్పించుకొని నిలిచెను. దాపటిది మోకాళ్లపై కూలెను. దాని ముందుకాలు విఱిగిన చప్పుడు నేను వింటిని.

మా నాయన ఆ యెద్దును అమ్మలేదు. అది మరల కాడి మోయలేదు; కుంటుచు కొట్టములో నాలుగేండ్లు బ్రతికెను. ప్రతిదినము మొదటి మేత దానికే. చూడవచ్చినవారు టైరుబండిని తిట్టినప్పుడు మా నాయన ఒక్కటే మాట చెప్పెడివాడు: "టైరుది తప్పు గాదు. అది సుకమిస్తే నేను బస్తాలేసినా." ఆ మాట నేను ముప్పదియేండ్లు పాఠము చెప్పిన యే పుస్తకములోను లేదు.

తరువాత విచారించి చూడగా తప్పులు నాలుగు కనబడినవి. మొదటిది, టైరునకు గాడులు లేకపోవుట. గాడి బురదను నొక్కి ప్రక్కకు వెడలించును. బోడిటైరు దానిపై తేలును. రెండవది, గట్టిరోడ్డుకు నింపిన గాలితోనే జిగురునేల దిగుట. మూడవది, ఆపు సాధనము లేకుండుట. నాలుగవది, టైరు మిగిల్చిన ఎద్దుశ్రమను విశ్రాంతిగా నుంచక సరకుగా మార్చుకొనుట. మొదటి మూడును కమ్మరియో, వడ్రంగియో, టైరంగడివాడో సరిచేయగలరు. నాలుగవదానిని యజమాని యొక్కడే సరిచేసికొనవలెను.

ఈ బండ్లను బాగుచేయవలెనని దేశమున ఆలోచింపనివారు లేకపోలేదు. బెంగుళూరి మేనేజిమెంటు విద్యాసంస్థకు తొలి డైరెక్టరుగా నున్న ఎన్. ఎస్. రామస్వామిగారు 1970 తరువాతి దశకమున ఎద్దులబండిని శాస్త్రీయముగా పరిశీలించి, తేలికైన కాడి, మంచి చక్రము, ఆపు సాధనము కావలెనని దేశమంతట చెప్పిరి. వారి మాట పూర్తిగా ఫలింపకమునుపే పల్లెలకు ట్రాక్టరు వచ్చెను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా ఎఱ్ఱగుంట్ల నుండి నంద్యాలకు 2016లో రైలును నడచెను. ఎద్దులబండి మా యూర నేడు అరుదు.

బండి పోయినను ప్రశ్న పోలేదు. ట్రాక్టరుతో అది ఇంకను పెద్దదయ్యెను. ఏలయన ఇచట గిట్ట లేదు. ముందునకు నెట్టవలసినదియు చక్రమే. అందుకే దాని వెనుకటైర్లపై ఎత్తైన గట్లు ఏటవాలుగా పోతపోసి యుందురు. ఆ గట్ల మొన ముందు నేలను తాకునట్లు టైరును బిగింపవలెను. అప్పుడు బురద నడుమ నుండి ప్రక్కలకు జాఱిపోవును. తలక్రిందుగా బిగించినచో బురద లోపలనే కూడి టైరు బోడిదగును. బరువు చాలక చక్రము ఊరక తిరిగినప్పుడు టైరులో ముప్పాతిక వంతు వఱకు నీరు నింపుటయు కలదు. మడిలో దమ్ము చేయుటకు ఇనుపపంజరము వంటి చక్రములు తొడుగుదురు; వానితో తారురోడ్డెక్కినచో నాటి ఇనుపకట్టు చేసిన పనినే అవి నూఱురెట్లు చేయును. అన్నియు చేసి, వెనుక ట్రాలీకి బోడిటైర్లు వేసి, ఆపు సాధనము లేకుండ పరిమితికి మించిన శనగబస్తాలు ఎక్కించినచో, మా నాయన చేసిన తప్పును మరల చేసినట్లే. అప్పుడు ఎద్దు కాలు విఱిగినది. ఇప్పుడు మనుష్యుని ప్రాణమునకు ముప్పు.

విచిత్రమేమనగా, ఈ విద్యను విదేశములలో వినోదమునకై నేర్చుచున్నారు. బండికి ఆంగ్లమున కార్టు అందురు గదా. ఉచ్చారణకు అదే పేరుతో 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు ఆర్ట్ ఇంగెల్స్ అనునతడు చిన్న యంత్రము బిగించిన నేలబారు వాహనమును చేసెను. అట్టివానిని మన్నుబాటలపై పందెము తోలువారు నేడు చాలమంది కలరు. బాటపై నీరు చల్లి మన్నును అణచుదురు. పందెము సాగినకొలది అది ఆఱి గట్టిపడును. ఆ మాఱుటను కనిపెట్టి వారు టైరును సిద్ధపఱచుదురు: సూదివంటి కొలమానముతో రబ్బరు మెత్తదనము చూతురు, గట్టిపడిన పైపొరను గరుకుకాగితముతో రుద్ది తీయుదురు, కొందఱు సన్నని కోతలు కోయుదురు, గాలిని పౌండు పౌండుగా లెక్కింతురు. రబ్బరును మెత్తపఱచు ద్రవములు పూయువారును కలరు గాని, వాని ఆవిరి హానికరమగుటచేతను, పందెము సమముగా నుండవలెననియు, కొన్నిచోట్ల వానిని నిషేధించిరి. ఎంత సంపద, ఎంత యంత్రబలము ఉన్నను వారు మొదట చేయు పని యేమి? వంగి, చేతితో మన్ను పట్టి చూచుట. మా యూరి కమ్మరి చేసినదియు అదియే.

కావున మహాశయులారా, కఱ్ఱ గొప్పదా, ఇనుము గొప్పదా, రబ్బరు గొప్పదా అను వాదము నిష్ఫలము. ఎండిన రోడ్డుపై రబ్బరు ఎద్దును బ్రతికించినది. జిగురువాలులో ఇనుము బండిని నిలిపినది. పట్టు అనునది చక్రమున సగము, నేలయందు సగము ఉండును. ఆ రెంటిని కలుపు తెలివి మనుష్యునియందు ఉండవలెను. మీ యింటి పిల్లవాడు రేపు వానలో ట్రాలీ కట్టుకొని బయలుదేరునప్పుడు మీరు గడపదాటి పోయి నాలుగు చూడుడు: టైరున గాడులున్నవా, గాలి నేలకు తగియున్నదా, ఆపు సాధనము పనిచేయుచున్నదా, బరువు మితములో నున్నదా. అతడు విసుగుకొన్నను ఫరవాలేదు. మా నాయనయు నాడు విసుగుకొన్నవాడే.